కుక్కపిల్లకి సారె

మా అత్తయ్యగారు అమెరికా వచ్చినప్పుడల్లా ఆవిడతో పాటు రెండు పెట్టెల పచ్చళ్ళూ, లెక్కలేనన్ని సామెతలూ వస్తాయి. పచ్చళ్ళు ఆరు నెలల్లో అయిపోతాయి. సామెతలు మాత్రం ఆవిడ తెనాలి వెళ్ళిపోయాక కూడా మా వంటింట్లో తిరుగుతూనే ఉంటాయి. అలా తిరుగుతూ నన్ను చాలాకాలం నిద్రపోనివ్వని ఒక సామెత గురించీ, రెండు కుక్కపిల్లల గురించీ ఈ నాలుగు మాటలు.

మేం ఉండేది ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ ఊరి శివార్లలో. మా కుక్క పేరు మల్లి. తల్లి లాబ్రడార్ అని తెలుసు, తండ్రి ఎవరో తెలియదు. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి అని అనుకుంటూనే వాయిదా వేస్తూ వచ్చాం. వాయిదా వెయ్యడంలో మా ఇంట్లో అందరూ సమర్థులే. ఒక రోజు పెరటి కంచెలో చెక్క ఊడింది. తొమ్మిది వారాలు తిరిగేసరికి గరాజ్‌లో పాత దుప్పట్ల మీద ఆరు కుక్కపిల్లలు.

మా పిల్లలకి తెలుగు అంతంత మాత్రంగా వచ్చు కాని, తెలుగు పిండివంటల పేర్లు మాత్రం బాగా వచ్చు. గారె, కాజా, లడ్డు, జిలేబి, బూరె, పూర్ణం అని పేర్లు పెట్టేశారు. "కుక్కలకి పెట్టే పేర్లా అవి!" అని మొదటి రోజు విసుక్కున్న అత్తయ్యగారే, నాలుగో రోజుకి "పూర్ణం పాలు తాగిందా?" అని అడగడం మొదలుపెట్టారు.

ఆరో వారంలో మొదటి టీకాకి అన్నింటినీ పెద్ద అట్టపెట్టెలో పెట్టుకుని పశువైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ ఒక్కొక్కదాన్నీ వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట తడిమి చూసింది. బూరె దగ్గరా, పూర్ణం దగ్గరా ఆవిడ వేలు ఆగింది. రెండింటికీ బొడ్డు దగ్గర మెత్తగా చిన్న ఉబ్బు. వేలితో నొక్కితే లోపలికి పోతోంది, వదిలితే బయటికి వస్తోంది. హెర్నియా అంది.

తల్లి కడుపులో ఉన్నంతకాలం బొడ్డుతాడు లోపలికి వెళ్ళడానికి పొట్ట గోడలో ఒక కన్నం ఉంటుంది. పుట్టిన తరవాత అది మూసుకుపోవాలి. కొన్ని పిల్లల్లో పూర్తిగా మూసుకోదు. ఆ సందులోంచి లోపలి కొవ్వు, కన్నం పెద్దదైతే ఒక్కోసారి పేగు కూడా, చర్మం కిందకి తోసుకు వస్తుంది. ఇంటికొచ్చి ఇదంతా వివరించబోతే అత్తయ్యగారు ఒక్క వాక్యంలో తేల్చేశారు. "బూరెకి పైపిండి సరిగ్గా అంటుకోకపోతే పూర్ణం బయటికి తన్నుకొస్తుంది చూడు, అదేగా!" ఇంతకన్నా బాగా ఏ డాక్టరూ చెప్పలేదనుకుంటాను.

ఆవిడకి రెండు అనుమానాలు. మల్లి బొడ్డుతాడు కొరికేటప్పుడు గట్టిగా లాగేసిందేమో అనేది ఒకటి. చంటిపిల్లలకి బొడ్డు ఉబ్బితే నాణెం పెట్టి గుడ్డ కట్టినట్టు దీనికీ కట్టకూడదా అనేది రెండోది. రెండూ డాక్టర్ని అడిగాను. మల్లి తప్పు కాదు, ఇది చాలావరకు వంశపారంపర్యంగా వచ్చేదే అంది. నాణెం కట్టడం వల్ల ఉపయోగం లేకపోగా చర్మం పుండు పడుతుంది, వద్దంది. పూర్ణానిది చిన్న కన్నం, ఆరు నెలల వయసులోపు దానంతట అదే మూసుకోవచ్చు. బూరెది వేలు దూరేంత పెద్దది, కుట్లు వెయ్యాల్సిందే. కాని తొందర లేదు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో పాటు చేసేయవచ్చు. ఈ లోపల ఒక్క జాగ్రత్త. ఉబ్బు ఎప్పుడైనా గట్టిపడి, వేడెక్కి, ముట్టుకుంటే నొప్పితో అరిచినా, వాంతులు మొదలైనా, పేగు ఇరుక్కుందేమోనని అనుమానించి ఆ క్షణమే ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఇదంతా రాసి, ఒక్కో పిల్లకీ కాగితాలు ఇచ్చింది. మొదటి పేజీలో టీకాలు, నులిపురుగుల మందు వివరాలు. రెండో పేజీలో పరీక్షలో కనిపించిన విషయాలు.

గారె, కాజా, లడ్డు, జిలేబి ఎనిమిది వారాలు నిండగానే తలో ఇంటికి వెళ్ళిపోయాయి. కుక్కపిల్లని అంతకన్నా ముందు తల్లి నుంచి వేరు చెయ్యకూడదని ఇక్కడ అందరూ చెబుతారు. మన దేశంలో కూడా 2017 లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాలు ఎనిమిది వారాల లోపు పిల్లల్ని అమ్మకూడదనే అంటున్నాయి. మిగిలినవి రెండే. ఆ శనివారం ఒక తెలుగు జంట వచ్చారు. కొత్తగా పెళ్ళైన పిల్లలు, ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు, నన్ను నోరారా "అక్కా" అని పిలుస్తారు. ఆ అమ్మాయి గరాజ్‌లో చతికిలబడి కూర్చోగానే బూరె వెళ్ళి ఒళ్ళో ఎక్కి పడుకుంది.

కాఫీ కలపడానికి లోపలికి వెళితే అత్తయ్యగారు నా వెనకే వచ్చారు. "ఆ బొడ్డు సంగతి ఇప్పుడు ఎత్తకు. నూరు అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. ముందు దానికో ఇల్లు దొరకనీ. ఒకసారి ప్రేమ కలిగాక వాళ్ళే చేయించుకుంటారు" అన్నారు.

నేను నూరు అబద్ధాలు ఆడలేదు. నిజానికి ఒక్కటి కూడా ఆడలేదు. "డాక్టర్ చూసింది, ఆరోగ్యంగా ఉంది, ఇంకో నాలుగు వారాలకి రెండో టీకా" అన్నాను. ప్రతి మాటా నిజమే. కాగితాలు ఇచ్చేటప్పుడు మొదటి పేజీ ఇచ్చాను. రెండో పేజీ వంటింటి సొరుగులో ఉండిపోయింది. మరిచిపోయాను అని చెప్పుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. మరిచిపోలేదు.

మూడో వారంలో ఒక అర్ధరాత్రి బూరె వాంతులు చేసుకుంది. ఏదో తినకూడనిది తిని ఉంటుంది, పొద్దున్న చూద్దాం అనుకున్నారు వాళ్ళు. రెండో టీకాకి ఇంకా వారం ఉంది కాబట్టి అప్పటికి దాన్ని ఏ డాక్టరూ చూడలేదు. పొట్ట మీద ఉబ్బు వాళ్ళకి కనిపిస్తూనే ఉంది కాని, కుక్కపిల్లల బొడ్డు అలాగే ఉంటుంది కాబోలు అనుకున్నారు. తెల్లవారుజామున అది మూలుగుతూ లేవలేకపోతే అత్యవసర ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టర్ ఉబ్బు మీద చెయ్యి వేసి అడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఎప్పటి నుంచి ఉంది?"

వాళ్ళ దగ్గర సమాధానం లేదు. సమాధానం మా సొరుగులో ఉంది.

ఇరుక్కున్న పేగుని సర్ది, కన్నం కుట్టేశారు. బూరె బతికింది. ఆ సాయంత్రం అతను ఫోన్ చేశాడు. కోపంగా కూడా లేదు గొంతు, అలిసిపోయి ఉంది. "అక్కా, మీకు ఇది ముందే తెలుసా?" అన్నాడు. నా నోట్లోంచి "లేదు" అనే మాట ఎంత సులువుగా వచ్చిందో! అప్పటిదాకా ఆడని అబద్ధం అప్పుడు ఆడాను. అర్ధసత్యం ఊరికే ఉండదు, తనకి కాపలాగా ఒక పూర్తి అబద్ధాన్ని తెచ్చి పెట్టుకుంటుంది.

డాక్టర్ అడిగిన ఆ ప్రశ్న నేను అంతకుముందు ఒకసారి విన్నాను. అందుకే అంత నొప్పి పుట్టింది.

మా పెద్దక్కకి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. 1986 లో పెళ్ళి కుదిరినప్పుడు మా నాన్నగారు ఆ సంగతి మగపెళ్ళివారికి చెప్పలేదు, ఎవర్నీ చెప్పనివ్వలేదు. ఆయన చెడ్డవాడు కాదు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, అంతే. అక్క మాత్రలు పట్టుచీరల మడతల్లో దాచుకుని అత్తారింటికి వెళ్ళింది. దగ్గు వస్తే పెరట్లోకి వెళ్ళి దగ్గి వచ్చేది. ఆ ఏడాది ధనుర్మాసంలో ఒక రాత్రి ఆయాసం బాగా ఎక్కువైంది, మాత్రలు అయిపోయాయి. వాళ్ళు పాపం గాలి సోకిందనుకుని విభూతి పెట్టారు, వేడి నీళ్ళు తాగించారు. తెల్లవారాక రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరుగారు అడిగారట, "ఎప్పటి నుంచి ఉంది?" అని. మా బావగారు "రాత్రి నుంచేనండీ" అన్నారట. అక్క పక్కనే ఉంది, వింటోంది. నిజం చెప్పడానికి ఊపిరి లేదు.

అక్క కోలుకుంది. బావగారు ఆ తరవాత మా నాన్నగారితో ఒకే మాట అన్నారు. "ముందే చెబితే మందు ఇంట్లో పెట్టుకునేవాళ్ళం కదండీ." నాన్నగారు పోయేదాకా అన్న మాట కూడా ఒకటే. "ముందే చెబితే ఆ పెళ్ళే అయ్యేది కాదు." ఈ రెండింట్లో ఏది నిజం అని నేను చాలాకాలం ఆలోచించాను. రెండూ నిజమే కావచ్చు. చిక్కంతా అక్కడే ఉంది.

లోపం ఉన్న సరుకు అమ్మేవాడు ఆ లోపాన్ని చెప్పాలా అనే తగవు చాలా పాతది. క్రీస్తుపూర్వం 44 లో రోమన్ రచయిత సిసెరో తన కొడుక్కి ఉత్తరంలా రాసిన ధర్మగ్రంథంలో ఇద్దరు గ్రీకు తత్వవేత్తల వాదం ఉంది. కరువులో ఉన్న ద్వీపానికి ఒక వర్తకుడు ధాన్యం ఓడ తెచ్చాడు. వెనకాల ఇంకా ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు. ఆ సంగతి చెప్పాలా, ఎక్కువ ధరకి అమ్ముకోవచ్చా? చెప్పకపోవడం వేరు, దాచడం వేరు అంటాడు ఒకాయన. కాదు, తెలిసింది చెప్పి తీరాలి అంటాడు రెండో ఆయన. సిసెరో రెండో ఆయన పక్షాన నిలబడి, ఎదుటివాడికి తెలియవలసిన విషయాన్ని నీ లాభం కోసం తెలియకుండా చేస్తే అది దాచడమే అని తేలుస్తాడు.

ఇక్కడి చట్టాలు కూడా ఇంచుమించు అదే దారిలో ఉన్నాయి. అమెరికాలో పనికిరాని కారుని 'లెమన్' అంటారు, నిమ్మకాయ అని. అలాంటి కారు అంటగడితే వెనక్కి ఇచ్చేసే హక్కునిచ్చే చట్టాల పేరు లెమన్ లా. కుక్కపిల్లలకీ అలాంటి చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. న్యూయార్క్‌లో పుట్టుకతో వచ్చిన లోపం బయటపడితే 180 రోజుల దాకా, డాక్టర్ కాగితం చూపించి డబ్బు వెనక్కి అడగవచ్చు, వైద్యం ఖర్చు అడగవచ్చు, లేదా ఇంకో కుక్కపిల్లని మార్చి తీసుకోవచ్చు. ఇవన్నీ కుక్కల్ని అమ్మే వ్యాపారుల కోసం. తెలిసినవాళ్ళకి ఉచితంగా ఇచ్చిన నా జోలికి రావు. ఆ ధైర్యం నాకు లోపల ఎక్కడో ఉండే ఉంటుంది.

అయితే సిసెరో వర్తకుడికీ, న్యూయార్క్ చట్టానికీ, నాకూ ఒకటే చూపు. బేరంలో ఇద్దరే ఉన్నారనుకోవడం. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు. ధాన్యం విషయంలో అది సరిపోతుంది, ఎవరింటికి వెళ్ళినా ధాన్యానికి కడుపునొప్పి రాదు. కుక్కపిల్ల బేరంలో మూడో మనిషి ఉంది, మనిషి కాకపోయినా. మార్చి ఇంకోటి ఇమ్మని చట్టం అంటుంది కాని, మారిపోయిన మొదటి పిల్ల సంగతి ఏమిటో పట్టించుకోదు. దాస్తే మోసపోయేది పుచ్చుకున్నవాడని అనుకుంటాం. కాని ఆ జంట పోగొట్టుకున్నది డబ్బూ, ఒక రాత్రి నిద్రా. నొప్పి పడింది బూరె. మా అక్క పెళ్ళిలో మోసపోయింది బావగారని మేమంతా లోలోపల సిగ్గుపడ్డాం. విభూతి పెట్టించుకుని ఊపిరాడక తెల్లవార్లూ కూర్చున్నది అక్క. ఎవరి లోపాన్ని వాళ్ళ మేలు కోరి దాస్తామో, దాచిన శిక్ష వాళ్ళకే పడుతుంది. ఎందుకంటే లోపం దాచినప్పుడు దానితో పాటు మందునీ దాచేస్తాం.

మన భారతంలో ధర్మరాజు నాకు ఇప్పుడు కొంచెం దగ్గరగా కనిపిస్తాడు. ద్రోణుడితో అశ్వత్థామ చచ్చాడని పైకి అని, ఏనుగు అనే మాట గొంతు తగ్గించి పలికినవాడూ ఆయనే. చివర్లో, వెంట వచ్చిన కుక్కని వదిలేస్తే తప్ప స్వర్గానికి రానివ్వనంటే, ఆ స్వర్గమే అక్కర్లేదన్నవాడూ ఆయనే. గొంతు తగ్గించడం వరకు నాకు చాతనయింది. రెండోది నేర్చుకోవాలి.

రెండు రోజుల తరవాత ఆ అబ్బాయికి ఫోన్ చేసి నిజం చెప్పాను. ఆపరేషన్ ఖర్చు నేను ఇస్తానన్నాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. "డబ్బు వద్దక్కా. ఆ రెండో పేజీ పంపండి, దాని ఫైల్లో పెట్టుకుంటాం" అన్నాడు. పంపాను. ఆ తరవాత మిగిలిన నాలుగు ఇళ్ళకీ చేశాను. వాళ్ళ పిల్లలకి హెర్నియా లేదు, కాని తోబుట్టువులకి ఉంది, ఇది రక్తంలో వచ్చేది కాబట్టి వాటికి పిల్లలు పుట్టించకపోవడం మంచిదని చెప్పాను. మల్లికి కూడా ఆ నెలలోనే ఆపరేషన్ అయిపోయింది. అసలు అది మొదట జరగవలసిన పని. ఏటా లక్షల కొద్దీ కుక్కలు ఆశ్రయ కేంద్రాలకి చేరుతున్న దేశంలో, ఇంకో ఆరింటిని పుట్టించి వాటికి ఇళ్ళు వెతకవలసి వచ్చిందంటే, బొడ్డు సంగతి దాచడం నా రెండో తప్పు మాత్రమే.

ఇక పూర్ణం మిగిలింది. ఈసారి నిజం చెప్పే తీరాలని కూర్చున్నాను. మొదట వచ్చిన వృద్ధ దంపతులకి ఎంత నిజం చెప్పానంటే, బూరె వాంతులు, పేగు, అర్ధరాత్రి ఆసుపత్రి అన్నీ చెప్పి వాళ్ళని హడలగొట్టేశాను. వాళ్ళు దణ్ణం పెట్టినంత పని చేసి వెళ్ళిపోయారు. మా డాక్టర్‌కి ఈ సంగతి చెబితే నవ్వి, "మీరు చెప్పింది పూర్ణం గురించి కాదు, మీ భయం గురించి" అంది. నిజమే. చిటికెన వేలి కొన కూడా దూరని కన్నాన్ని గండిలా వర్ణించడం కూడా అబద్ధమే. నిజానికి కొలత ఉండాలి. ఉన్నది ఉన్నంత చెప్పాలి, ఏం చెయ్యాలో కూడా చెప్పాలి.

కొలతగా చెప్పినా ఇంకో మూడు కుటుంబాలు వెనక్కి తగ్గాయి. ఒకాయన, ఉచితంగా ఇస్తున్నామని తెలిసి కూడా, "అయితే ఏమైనా తగ్గించి ఇస్తారా?" అని అడిగాడు. తగ్గించడానికి ఏముంది, ఎదురు ఇవ్వడం తప్ప! నిజం చెప్పినందుకు పూర్ణం ఏడు వారాలు అదనంగా మా గరాజ్‌లో ఉండిపోయింది. అత్తయ్యగారు రోజూ నా వంక "చెప్పానా?" అన్నట్టు చూసేవారు. మా నాన్నగారి భయం ఒట్టి భయం కాదని ఆ ఏడు వారాల్లో నాకు తెలిసింది. నిజం చెబితే ఇల్లు దొరకకపోయే ప్రమాదం ఉంది. ఆడపిల్ల తండ్రికి ఏడు వారాలు కాదు, ఏడేళ్ళు కూడా పట్టేది. అందుకే ఆయన్ని నేను తప్పు పట్టలేను. ఆ సామెత పుట్టించినవాళ్ళని కూడా. దాని వెనక ఉన్నది మోసం కాదు, ఎలాగైనా ఒక బిడ్డకి ఇల్లు కుదరాలనే ఆరాటం. కాని ఇల్లు కుదరడం అంటే గుమ్మం దాటించడం కాదు కదా. లోపలికి వెళ్ళాక దాన్ని ఎవరు ఎలా చూసుకోవాలో వాళ్ళకి తెలియాలి.

కొలంబస్‌లో భూటాన్ నుంచి వెళ్ళగొట్టబడి, నేపాల్ శిబిరాల్లో ఏళ్ళ తరబడి గడిపి వచ్చిన నేపాలీ కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి కుటుంబం ఒకటి ఆఖరికి వచ్చింది. తండ్రి, పదేళ్ళ కూతురు. నేను పూర్ణాన్ని వెల్లకిలా తిప్పి ఉబ్బు చూపించి, చెప్పవలసింది చెప్పాను. ఆయన ధర అడగలేదు, గ్యారంటీ అడగలేదు. "నేను నొక్కి చూడవచ్చా? ఎలా ఉంటే భయపడాలి?" అని అడిగాడు. ఆయన వేలిని పట్టుకుని ఎక్కడ నొక్కాలో చూపించాను. కూతురు కూడా నొక్కి చూసింది. వాళ్ళ దీపావళిలో కుక్కలకి ఒక రోజు ఉంటుందట, ఆ రోజు కుక్క మెడలో బంతిపూల దండ వేసి, నుదుట బొట్టు పెట్టి పూజిస్తారట. "దీనికీ వేస్తాం" అంది ఆ పిల్ల.

అత్తయ్యగారు ఆ మాట విని లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చి, పూర్ణం నుదుట బొట్టు పెట్టారు. పాత తువ్వాలు, మల్లి వాసన పోకుండా ఉతకని దుప్పటి ముక్క, నాలుగు రోజులకి సరిపడే తిండి సంచిలో సర్దారు. "ఉత్త చేతులతో పంపుతామా, సారె పెట్టొద్దూ!" అన్నారు. సొరుగు తెరిచి కాగితాలు తీసింది కూడా ఆవిడే. రెండు పేజీలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టి సంచిలో పెట్టారు.

పూర్ణం బొడ్డు ఐదో నెలకి మూసుకుపోయిందని ఆ తండ్రి ఫోన్ చేసి చెప్పాడు. బూరె కూడా బాగానే ఉందని వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. ఆ జంట ఈ ఉగాదికి మా ఇంటికి రాలేదు. పిలిచాను, పని ఉందన్నారు. వచ్చే ఏడు మళ్ళీ పిలుస్తాను.